వద్దు అని చెప్పగలిగే వాక్యం: మిషన్ స్టేట్‌మెంట్ ఎలా రాసుకోవాలి?

రాత పని కోసం నా దగ్గరికి వచ్చే చిన్న సంస్థల వాళ్లలో చాలామంది, అన్నీ మాట్లాడుకుని లేవబోతూ ఒక మాట అంటారు: "అన్నట్టు, మిషన్ స్టేట్‌మెంట్ అని ఒకటి ఉండాలట కదండీ, రెండు లైన్లు మంచిగా రాసిపెట్టండి." సంస్థ ఏ పని కోసం ఉందో చెప్పే వాక్యాన్నే మిషన్ స్టేట్‌మెంట్ అంటారు. ఆ మాట రాగానే వాళ్లను మళ్లీ కూర్చోమని ఒకటే ప్రశ్న అడుగుతాను: "పోయిన ఏడాది డబ్బు వచ్చే పనే అయినా, ఇది మనది కాదు అని మీరు వదులుకున్నది ఏదైనా ఉందా?"

కొందరు వెంటనే చెబుతారు. ఎందుకు వదులుకున్నారో రెండు నిమిషాలు ఆగకుండా మాట్లాడతారు. వాళ్ల మిషన్ స్టేట్‌మెంట్ ఆ రెండు నిమిషాల మాటల్లోనే ఉంటుంది. దాన్ని ఏరి శుభ్రంగా రాయడం వరకే నా పని. ఇంకొందరు చాలాసేపు ఆలోచించి, "అలాంటిదేం లేదండీ, వచ్చిన పనల్లా చేశాం" అంటారు. వాళ్లు వాక్యం రాసేలోపు తేల్చుకోవాల్సింది ఇంకా మిగిలే ఉంది. ఎంత మంచి రచయితను పెట్టుకున్నా ఆ తేల్చుకోవడాన్ని అతను చేసిపెట్టలేడు.

ఇన్నేళ్లలో నాకు అర్థమైంది ఇదే. మిషన్ స్టేట్‌మెంట్ అనేది మనం ఎంత గొప్పవాళ్లమో చెప్పే వాక్యం అనుకుంటే దానితో పనేమీ ఉండదు. రెండు మంచి దారుల మధ్య నిలబడి ఎటు వెళ్లాలో తోచనప్పుడు, ఒకదాన్ని వద్దు అనడానికి సాయపడితేనే అది పనికొచ్చే వాక్యం.

ఎవరికైనా సరిపోయే వాక్యం

"నాణ్యతే ప్రాణంగా, వినియోగదారుల సంతృప్తే పరమావధిగా, నిబద్ధతతో కూడిన సేవలందిస్తూ, ఈ రంగంలో అగ్రగామిగా ఎదగడమే మా లక్ష్యం."

ఇది ఆసుపత్రిదా, సిమెంట్ కంపెనీదా, కోచింగ్ సెంటర్‌దా? చెప్పలేం. ముగ్గురి గోడల మీదా అతుకుతుంది. ఇలాంటి వాక్యాన్ని పరీక్షించాలంటే తిరగేసి చూడాలి. "మేం నాసిరకంగా చేస్తాం, వినియోగదారులు ఏమైపోయినా మాకు పట్టదు" అని ఏ సంస్థా రాసుకోదు. తిరగేసినప్పుడు ఎవ్వరూ ఒప్పుకోని మాట వస్తోందంటే, అసలు వాక్యంలో ఎంపిక ఏదీ జరగలేదన్నమాట. అదే "సొంతంగా అకౌంటెంట్‌ను పెట్టుకోలేని చిన్న వ్యాపారులకే పనిచేస్తాం" అన్నారనుకోండి. దాన్ని తిరగేస్తే "పెద్ద కంపెనీలకే పనిచేస్తాం" అని వస్తుంది. అది కూడా తెలివైన సంస్థ ఎంచుకోగలిగిన దారే. ఒకదాన్ని కాదని ఇంకోదాన్ని పట్టుకున్నారు కాబట్టే ఆ వాక్యానికి బరువు వచ్చింది.

తెలుగులో రాసేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. మన వాక్యంలో క్రియ చివర్లో వస్తుంది. దానికి ముందు "ప్రాణంగా", "పరమావధిగా", "అందిస్తూ", "పాటుపడుతూ" అని ఎన్ని ముక్కలైనా పేర్చుకుంటూ పోవచ్చు. వినడానికి లయగా ఉంటుంది, చదువుతుంటే ఏదో చెప్పినట్టే ఉంటుంది. తీరా చివరికి వచ్చేసరికి "ముందుకు సాగడం", "కృషి చేయడం", "ఎదగడం" లాంటి క్రియ తగులుతుంది. ఎవరికి ఏం చేశారో ఆ క్రియల్లో ఉండదు. అందుకే నేను ముందు క్రియ ఒక్కటే కాగితం మీద రాయమంటాను. నేర్పడం, బాగుచేయడం, లెక్క చెప్పడం, నయం చేయడం, చేరవేయడం. చూస్తే కనబడే పని అయ్యుండాలి. అది కుదిరాక ఎవరికి, ఏది అని వెనక్కి వెళ్తూ వాక్యం కట్టుకోవచ్చు.

ఇంగ్లిష్‌లో రాసుకుని తెలుగులోకి మార్చుకునేవాళ్లూ ఉన్నారు. "విలువ ఆధారిత సమగ్ర పరిష్కారాలు" లాంటి మాటలు అలానే పుడతాయి. మీ దగ్గర పనిచేసేవాళ్లు పని గురించి ఏ మాటల్లో మాట్లాడుకుంటారో ఆ మాటల్లో రాయకపోతే, ఆ వాక్యం వాళ్లకు ఎప్పటికీ గుర్తుండదు.

మిషన్, విజన్, గోల్: ఏది ఏది?

ఈ మూడింటినీ కలిపేయడం వల్లే సగం గందరగోళం. మిషన్ అనే మాటకు మూలం లాటిన్‌లో "పంపడం". ఎవరినో ఒక పని మీద పంపడం. 16వ శతాబ్దంలో జెసూయిట్లు అనే క్రైస్తవ సన్యాసులు మతప్రచారానికి తమవాళ్లను దూరదేశాలకు పంపడాన్ని ఈ మాటతో చెప్పుకున్నారు. ఆ తర్వాత అది సైన్యంలోకి, దౌత్యంలోకి, వ్యాపారంలోకి వచ్చింది. ఈ మూలం గుర్తుపెట్టుకుంటే తేడా సులువుగా పట్టుబడుతుంది. మిషన్ అంటే మనల్ని మనం ఏ పని మీద పంపుకున్నాం అన్నది. విజన్ అంటే ఆ పని ఫలిస్తే లోకం ఎలా ఉంటుందన్న ఊహ. గోల్ అంటే తేదీ, అంకె ఉన్న మజిలీ. వాల్యూస్ అంటే ఆ దారిలో ఏది చేయం అన్న హద్దులు. స్లోగన్ బయటివాళ్ల కోసం. దాన్ని ఈ లెక్కలోకి తేకపోవడమే మంచిది.

గోల్‌ను మిషన్ అనుకుంటే ఏమవుతుందో చూడండి. 1961 మే 25న అమెరికా అధ్యక్షుడు కెనడీ, ఆ దశాబ్దం ముగిసేలోగా మనిషిని చంద్రుడి మీద దించి క్షేమంగా వెనక్కి తీసుకురావాలని ప్రకటించారు. అంతకన్నా స్పష్టమైన వాక్యం దొరకదు. ఎవరు, ఎక్కడికి, ఎప్పటిలోగా అన్నీ ఉన్నాయి. "క్షేమంగా వెనక్కి" అన్న చిన్న మాట ఇంజినీర్ల పనిని ఎన్నో రెట్లు పెంచింది. 1969 జులైలో అది నెరవేరింది. కానీ అది గోల్. నెరవేరిన రోజే దాని పని అయిపోయింది. 1972 డిసెంబర్‌లో చివరి అపోలో యాత్ర తిరిగొచ్చాక మళ్లీ వెళ్లడానికి అంత బలమైన కారణం చూపడం నాసాకు ఎంతో కష్టమైంది.

మైక్రోసాఫ్ట్‌దీ కొంత ఇలాంటి కథే. "ప్రతి డెస్క్ మీద, ప్రతి ఇంట్లో ఒక కంప్యూటర్" అన్నది బిల్ గేట్స్, పాల్ అలెన్‌ల తొలినాళ్ల మాట. 1975లో సంస్థ మొదలైనప్పుడు అది నమ్మశక్యం కాని కోరిక. కొన్ని దశాబ్దాలకు చాలా దేశాల్లో అది మామూలు విషయమైపోయింది. మరి ఆ తర్వాత? 2014లో సీఈఓ అయిన సత్య నాదెళ్ల ఆ మరుసటి ఏడాది వాక్యాన్ని మార్చారు. భూమ్మీద ప్రతి మనిషీ, ప్రతి సంస్థా మరింత సాధించేలా వాళ్లకు శక్తినివ్వడం అన్నది కొత్త మాట. ఇది ఎప్పటికీ పూర్తికాని పని, ఆ మేరకు మేలే. కానీ పాత వాక్యంలో కంటికి కనబడే టేబుల్, దాని మీద కంప్యూటర్ ఉన్నాయి. కొత్త దాంట్లో అలా పట్టుకోవడానికి ఏమీ లేదు. నాకైతే పాతదే గుర్తుంటుంది. ఎప్పటికీ పాతబడకుండా, కంటికి కనబడేలా రాయడం నిజంగా కష్టం. రెండూ కుదిరిన వాక్యాలు కొన్నే ఉంటాయి.

ఒక్క విశేషణం చేసిన పని

అలాంటి కొన్నింటిలో ఒకటి మదురైలోని అరవింద్ కంటి ఆసుపత్రిది. డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి 58 ఏళ్ల వయసులో ప్రభుత్వోద్యోగం నుంచి రిటైరయ్యాక, 1976లో 11 పడకలతో దాన్ని మొదలుపెట్టారు. కీళ్లవాతంతో ఆయన వేళ్లు వంకర్లు తిరిగిపోయాయి. ఆ చేతులతోనే ఆపరేషన్లు చేయడం నేర్చుకున్నారు. ఆయన పెట్టుకున్న ధ్యేయం "అవసరం లేని అంధత్వాన్ని నిర్మూలించడం".

"అంధత్వాన్ని నిర్మూలించడం" అని ఊరుకుని ఉంటే అది గొప్ప కోరికగానే మిగిలేది. "అవసరం లేని" అన్న మాట దాన్ని పనిగా మార్చింది. చూపు పోయినవాళ్లలో చాలామందికి కారణం శుక్లం. చిన్న ఆపరేషన్‌తో తిరిగొచ్చే చూపు అది. ఆపరేషన్ జరగక చీకట్లో ఉండిపోవడమే అవసరం లేని అంధత్వం. ఆ ఒక్క విశేషణం ముందు ఏది చూడాలో చెప్పేసింది. అరుదైన కేసుల కన్నా ముందు శుక్లాలు చూడాలి. వచ్చిన రోగులతో సరిపెట్టుకోకుండా ఊళ్లకు వెళ్లి క్యాంపులు పెట్టాలి. డబ్బు లేకపోవడం కూడా "అవసరం లేని" కారణమే కాబట్టి, ఇవ్వగలిగినవాళ్లు ఇచ్చే ఫీజుతో ఇవ్వలేనివాళ్లకు చికిత్స నడిచేలా చూడాలి. కంట్లో అమర్చే లెన్స్ ఖరీదు అడ్డుగా నిలిస్తే దాన్ని కూడా మనమే తయారుచేయాలి. 1992లో ఆరోల్యాబ్ పుట్టింది అందుకే. కంటి ఆసుపత్రి లెన్సుల ఫ్యాక్టరీ పెట్టడం బయటినుంచి చూస్తే దారి తప్పినట్టే ఉంటుంది. ఆ వాక్యం పట్టుకుని చూస్తే, పెట్టకపోవడమే దారి తప్పడం.

మీ వాక్యంలో ఇలాంటి మాట ఒకటైనా ఉందేమో వెతకండి. తీసేస్తే అర్థం మారిపోయే మాట. "అత్యుత్తమ", "సమగ్ర", "వినూత్న" లాంటివి తీసేసినా ఏమీ మారదు కాబట్టి తీసేయొచ్చు.

వరుసలోనే అసలు విషయం

జాన్సన్ అండ్ జాన్సన్ సంస్థకు 1943లో రాబర్ట్ వుడ్ జాన్సన్ ఒక పేజీ ప్రకటన రాశారు. మరుసటి ఏడాది సంస్థ షేర్లు మార్కెట్లోకి వెళ్లబోతున్నాయి. కొత్తగా వాటాదారులు వస్తారు, వాళ్లు లాభాలు అడుగుతారు. అలాంటి సమయంలో ఆయన బాధ్యతలన్నీ వరుసపెట్టి రాశారు. ముందు సంస్థ ఉత్పత్తులు వాడే డాక్టర్లు, నర్సులు, ఆసుపత్రులు, తల్లులు. తర్వాత ఉద్యోగులు. ఆ తర్వాత చుట్టూ ఉన్న సమాజం. చిట్టచివర వాటాదారులు. ఇందులో చెప్పిన మంచి మాటలు చాలా సంస్థలు చెప్పుకునేవే. చివర ఎవరిని పెట్టాలో ఒప్పుకున్న సంస్థలే తక్కువ.

గోడమీది పటం పటంగానే ఉండిపోయే ప్రమాదం ఈ సంస్థకూ వచ్చింది. 1970ల్లో జేమ్స్ బర్క్ పెద్ద మేనేజర్లను కూర్చోబెట్టి, దీన్ని నిజంగా పాటిస్తున్నామా, లేకపోతే గోడ మీంచి తీసేద్దామా అని చర్చ పెట్టారు. వాదనలు జరిగాయి. చివరికి కొద్ది మార్పులతో ఉంచుకోవాలని తేల్చుకున్నారు. ఆ చర్చ ఎంత అవసరమో కొన్నేళ్లకే తెలిసింది. 1982 సెప్టెంబర్ చివర్లో షికాగో ప్రాంతంలో, ఈ సంస్థే అమ్మే టైలెనాల్ అనే నొప్పి మందు క్యాప్సూల్స్ వేసుకున్న ఏడుగురు చనిపోయారు. ఎవరో దుకాణాల్లోని సీసాల్లో సైనైడ్ కలిపారు. ఆ మనిషి ఇప్పటికీ దొరకలేదు. తప్పు ఫ్యాక్టరీది కాదు, చావులు ఒక్క ప్రాంతంలోనే. అయినా సీఈఓగా ఉన్న బర్క్ దేశమంతటి నుంచీ సుమారు 3 కోట్ల 10 లక్షల సీసాలు వెనక్కి రప్పించారు. నష్టం 10 కోట్ల డాలర్లు దాటింది. ముందు ఉత్పత్తులు వాడేవాళ్లు, చివర వాటాదారులు అని రాసి ఉంది, దాని మీద అప్పటికే తేల్చుకుని ఉన్నారు. అందుకే అంత టెన్షన్‌లో కొత్తగా వాదించుకునే అవసరం రాలేదు.

ఈ కథను ఇక్కడే ఆపేస్తే అబద్ధం చెప్పినట్టవుతుంది. అదే సంస్థ తర్వాతి కాలంలో టాల్కం పౌడర్ మీద వేలాది కేసులు ఎదుర్కొంది. ఒకసారి పనిచేసిన వాక్యం ఎప్పటికీ తనంతట తాను పనిచేస్తుందన్న పూచీ లేదు. అమెరికా ఇంధన కంపెనీ ఎన్రాన్ అయితే గౌరవం, నిజాయితీ, సంభాషణ, శ్రేష్ఠత అని నాలుగు విలువలు ప్రకటించుకుంది. లెక్కల మోసాలు బయటపడి 2001 డిసెంబర్‌లో దివాలా తీసింది. ఆ నాలుగు మాటల్లో ఏది ముందు, ఏది వెనక అన్నది లేదు. నిజాయితీకీ ఆ త్రైమాసికం లాభానికీ పోటీ వస్తే ఏది గెలవాలో అవి చెప్పవు. వరుస రాసి ఉంటే ఎన్రాన్ బాగుపడేదని నేను అనను. మోసం చేయదలిచినవాళ్లను వాక్యాలు ఆపలేవు. మంచిగా చేయాలనుకుని తికమకపడేవాళ్లకు మాత్రం వరుస దారి చూపుతుంది.

ఎంత వెడల్పు?

1960లో మార్కెటింగ్ ఆచార్యుడు థియోడర్ లెవిట్ అమెరికా రైల్వేల గురించి ఒక సంగతి చెప్పారు. తమది రవాణా వ్యాపారం అనుకోవాల్సింది పోయి రైళ్ల వ్యాపారం అనుకున్నారు, అందుకే ప్రయాణికుల్ని కార్లకూ విమానాలకూ వదిలేశారని. వాక్యం మరీ ఇరుకైతే ఈ ముప్పు. గూగుల్ వాక్యం చూడండి: ప్రపంచంలోని సమాచారాన్ని ఒక క్రమంలో పెట్టి, అందరికీ అందేలా, ఉపయోగపడేలా చేయడం. అందులో వెతకడం అన్న మాటే లేదు. అందుకే మ్యాపులు వచ్చినా, పాత పుస్తకాలు స్కాన్ చేసినా అవి ఆ వాక్యం కిందికే వచ్చాయి.

లెవిట్ మాటను పట్టుకుని మరీ వెడల్పు చేసేవాళ్ల వల్లే ఈ రోజుల్లో ఎక్కువ నష్టమని నా అభిప్రాయం. "జీవితాలను మార్చడం" అంటే ఏదైనా అందులో పట్టేస్తుంది. దేన్నీ కాదనలేం. ఇద్దరు ముగ్గురున్న సంస్థకు ఇరుకే మేలు. గది నిండాక గోడ జరుపుకోవచ్చు.

ఒక వాక్యం రాసి చూద్దాం

ముగ్గురు కలిసి చిన్న వ్యాపారులకు అకౌంట్స్ రాసిపెట్టే సంస్థ ఒకటి ఉందనుకుందాం. వాళ్లు తెచ్చిన మొదటి చిత్తు: "నమ్మకమైన, సమగ్రమైన ఆర్థిక సేవలు అందిస్తూ ఖాతాదారుల ఎదుగుదలకు తోడ్పడటం."

క్రియ "తోడ్పడటం". అది కనబడే పని కాదు. మీరు రోజూ ఏం చేస్తారు అని అడిగితే "బిల్లులు ఎక్కిస్తాం, రిటర్నులు వేస్తాం" అంటారు. అది చాలామంది చేస్తారు. మీ దగ్గరికొచ్చినవాళ్లు మిమ్మల్ని వదలకుండా ఎందుకున్నారు? ఇక్కడ కాసేపు ఎవరూ మాట్లాడరు. తర్వాత ఒకరంటారు, "మేం నెలాఖరున ఫోన్ చేసి లెక్క చెబుతామండీ. వాళ్లకు అది కావాలి. చాలామందికి లాభంలో ఉన్నారో నష్టంలో ఉన్నారో కూడా తెలియదు. పన్ను కట్టే రోజు దగ్గరపడితే తప్ప ఆ కాగితాలు చూడరు, భయం."

క్రియ దొరికింది: చెప్పడం. ఇప్పుడు రెండో చిత్తు: "చిన్న వ్యాపారులకు వాళ్ల లెక్కలు అర్థమయ్యేలా చెప్పడం." బాగానే ఉంది, కానీ "చిన్న" అంటే ఎంత? పదిమంది పనివాళ్లున్నా చిన్నే, ఒక్కడే ఉన్నా చిన్నే. గీత ఎక్కడ గీస్తారని అడిగితే తేలింది, సొంత అకౌంటెంట్‌ను పెట్టుకోగలిగినవాళ్లకు వీళ్ల అవసరం అంతగా లేదని. "అర్థమయ్యేలా" అంటే ఎవరికి? యజమానికే. కొడుకుకో, ఆఫీసులో గుమస్తాకో చెబితే కాదు. ఎంత తరచుగా? నెలకోసారి. మూడో చిత్తు ఇలా వచ్చింది:

"అకౌంటెంట్‌ను పెట్టుకోలేని వ్యాపారికి, తన డబ్బు ఎటునుంచి వస్తోందో ఎటు పోతోందో ప్రతి నెలా తనకే అర్థమయ్యేలా చెప్పడం."

ఇది గొప్పగా వినబడదు. ఫ్రేము కట్టించుకోవాలని కూడా ఎవరికీ అనిపించదేమో. కానీ పనిలో పెట్టి చూద్దాం. ఒక పెద్ద కంపెనీ, బిల్లులు కంప్యూటర్లో ఎక్కించే పని మొత్తం ఇస్తానంటుంది. డబ్బు ఎక్కువ, ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. పాత చిత్తు అయితే "ఆర్థిక సేవలే కదా" అని ఒప్పుకునేది. మూడోది వద్దంటుంది. చేతిలో డబ్బు లేక ఒప్పుకోవాల్సి వచ్చినా, ఇది మన దారి కాదు, ఆర్నెల్ల వరకే అని తెలిసి ఒప్పుకుంటారు. కొత్తగా ఒకరిని ఉద్యోగంలోకి తీసుకోవాలి. ఒకరికి సాఫ్ట్‌వేర్ మీద చేయి తిరిగింది. ఇంకొకరు కాస్త నెమ్మది, కానీ ఎదుటివాళ్లకు ఓపిగ్గా విడమరిచి చెబుతారు. వాక్యం రెండో మనిషిని చూపిస్తుంది. ఓ ఖాతాదారు తప్పుడు బిల్లు చూపించమని అడుగుతాడు. ఇక్కడ ఈ వాక్యం ఏమీ చెప్పదు. ఆ పని వాల్యూస్‌ది, దాన్ని వేరేగా రాసుకోవాలి. అన్నీ ఒకే వాక్యంలో కుక్కాలనుకోవడమే చాలా మిషన్ స్టేట్‌మెంట్లు ఉబ్బిపోవడానికి కారణం.

రాసేటప్పుడు అందరితో మాట్లాడాలి, పెన్ను మాత్రం ఒక్కరి చేతిలో ఉండాలి. కమిటీ రాస్తే ఎవరినీ నొప్పించకూడదని తలా ఒక మాట చేరుస్తారు. ఒకరు రాసి, మిగతావాళ్లు కొట్టేస్తే వాక్యం గట్టిపడుతుంది.

సొంతానికి రాసుకునేటప్పుడు

సంస్థ వాక్యం పదిమందిని ఒక దారిలో ఉంచడానికి. మీది మిమ్మల్ని ఒక్కరినే ఉంచాలి. మిమ్మల్ని పట్టుకుని అడిగేవాళ్లు ఉండరు కాబట్టి అది ఇంకా కష్టం. చాలామంది ఇక్కడ "నిజాయితీగా, సంతోషంగా, కుటుంబానికి అండగా ఉంటూ..." అని మొదలుపెడతారు. అవి విలువలు. వాటితో తప్పేం లేదు, అవి వేరే పేజీ.

విలువల పేజీని ఎలా వాడాలో 18వ శతాబ్దపు అమెరికా రాజనీతిజ్ఞుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ చేసి చూపించారు. 13 గుణాలు రాసుకుని, వారానికి ఒకదాని మీద దృష్టి పెట్టి, తప్పిన ప్రతిసారీ చిన్న పుస్తకంలో నల్ల చుక్క పెట్టుకునేవారు. 13 వారాలకు ఒక చుట్టు, ఏడాదికి నాలుగు చుట్లు. మొదట రాసుకున్నవి 12. నీకు గర్వం ఎక్కువని అంటున్నారని ఓ మిత్రుడు చెబితే వినయాన్ని చేర్చారు. వస్తువుల్లో, పనుల్లో క్రమం పాటించడం మాత్రం తనకు చాలా కష్టమైందని ఆయనే ఒప్పుకున్నారు. తప్పుల్ని రాసిపెట్టుకోవడం, బయటివాళ్ల మాట విని మార్చుకోవడం, ఈ రెండూ మిషన్ విషయంలోనూ పనికొస్తాయి.

మిషన్ కోసం మాత్రం నేను ఆశయాల నుంచి మొదలుపెట్టమనను. గడిచిన మూడు నెలల క్యాలెండర్ తీయండి. ఏ పనికి పిలవకముందే వెళ్లారు? ఏ పని ముగిశాక అలసట ఉన్నా మనసు తేలిగ్గా ఉంది? జనం మీ దగ్గరికి దేనికోసం మళ్లీ మళ్లీ వస్తారు? ఈ మూడూ కలిసే చోట ఒక క్రియ ఉంటుంది. ఉద్యోగం పేరు రాయకండి. ఉద్యోగం పోయిన రోజున కూడా మిగిలే మాట కావాలి. "నేను టీచర్‌ని" అన్నది పోవచ్చు, "భయపడేవాళ్లకు లెక్కలు నేర్పడం" పోదు.

నాది ఇది: "కష్టమైన విషయాన్ని, చదివేవాళ్లు వెనక్కి వెళ్లి మళ్లీ చదవక్కర్లేకుండా రాయడం." దీన్ని రాసుకున్న కొన్ని నెలలకే, రాసేవాళ్లందరినీ చూసుకునే పెద్ద ఉద్యోగం ఒకటి వచ్చింది. జీతం ఎక్కువ. రోజంతా మీటింగులు, రాయడం ఉండదు. ఒక వారం నిద్ర పట్టలేదు. చివరికి వద్దన్నాను. వాక్యం నా బదులు నిర్ణయం తీసుకోలేదు. వారం రోజులు నేను దేని చుట్టూ తిరుగుతున్నానో మాత్రం చూపించింది. అదే వాక్యం ఇంకోచోట నన్ను తప్పుదారి పట్టించింది. రాతే నా పని అనుకుని ఇంట్లోవాళ్లకు ఇవ్వాల్సిన సాయంత్రాలన్నీ దానికే ఇచ్చేశాను. ఆ సంగతి ఇంట్లోవాళ్లు చెప్పాకే నాకు తెలిసింది. అప్పుడు కింద రెండో వాక్యం రాశాను, అది ఇంటి గురించి, ఎవరికీ చూపించను. మనిషికి ఒకే మిషన్ ఉండాలన్న నియమమేదీ లేదు. రెండుంటే, ఏ వేళకు ఏది పైదో తేల్చుకుని ఉండాలి.

ఎప్పుడు మార్చాలి?

విసుగు పుట్టిందని మార్చకూడదు. మీకు విసుగు పుట్టే సమయానికే మిగతావాళ్ల చెవికి అది సరిగ్గా ఎక్కడం మొదలవుతుంది. పని పదునెక్కితే మార్చొచ్చు. బట్టల కంపెనీ పటగోనియా పాత వాక్యంలో మంచి వస్తువు తయారుచేయడం, అనవసర హాని చేయకపోవడం, పర్యావరణ సంక్షోభానికి పరిష్కారాలు చూపడం అని మూడు ముక్కలున్నాయి. 2011లో అమెరికన్లు ఎగబడి కొనే బ్లాక్ ఫ్రైడే రోజున, తమ జాకెట్ బొమ్మే వేసి "ఈ జాకెట్ కొనకండి" అని పత్రికలో ప్రకటన ఇచ్చింది. అవసరం లేకపోతే కొనొద్దని దాని సారం. అంటే వాక్యంలోని మూడో ముక్క అప్పటికే మొదటిదాని పక్కకు వచ్చేసింది. 2018లో వాక్యం మార్చి, మన ఇల్లయిన ఈ భూగోళాన్ని కాపాడుకోవడానికే వ్యాపారం చేస్తున్నాం అని ఒకే ముక్క రాసుకున్నారు. 2022లో వ్యవస్థాపకుడు ఇవాన్ షూనార్డ్, ఆయన కుటుంబం కంపెనీ యాజమాన్యాన్నే ఒక ట్రస్టుకూ, పర్యావరణం కోసం పనిచేసే లాభాపేక్ష లేని సంస్థకూ ఇచ్చేశారు. పనులు ముందు నడిచాయి, మాట వాటి వెనకే వచ్చింది. మార్చితే ఇలా మార్చాలి.

పని పూర్తయితే తప్పకుండా మార్చాలి. పోలియో బాధితుడైన అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 1938లో పోలియో మీద పోరాటానికి ఒక సంస్థను స్థాపించారు. జనం పంపిన చిన్న నాణేలతో నడిచింది కాబట్టి మార్చ్ ఆఫ్ డైమ్స్‌గా పేరుపడింది. దాని డబ్బుతోనే జోనాస్ సాక్ టీకా పరీక్షలు జరిగాయి. 1955 ఏప్రిల్‌లో టీకా పనిచేస్తుందని ప్రకటించారు. ఏ సంస్థకైనా అంతకన్నా పెద్ద పండుగ ఉండదు. అప్పటికి వాళ్లకు ఊరూరా కార్యకర్తలున్నారు, నిధులు సేకరించే అలవాటుంది, మొదట పెట్టుకున్న పని మాత్రం తీరిపోతోంది. మూసేయొచ్చు, లేదా పోలియో పేరుతోనే ఏదోలా నడిపించొచ్చు. వాళ్లు కూర్చుని మాట్లాడుకుని, 1958లో పుట్టుకతో వచ్చే లోపాల మీద పనిని కొత్త ధ్యేయంగా పెట్టుకున్నారు.

నా నోట్‌బుక్‌లో ఆ వాక్యం కింద తేదీలు వేసుకుంటూ వస్తున్నాను. ఏడాదికోసారి తీసి, ఆ ఏడాది వద్దనుకున్న పనులు పక్కన రాస్తాను. ఒక ఏడాది ఆ గడి ఖాళీగా ఉండిపోయింది. ఆ రోజు కొత్త పనులేవీ ఒప్పుకోకుండా, ముందు ఆ వాక్యాన్నే మళ్లీ చదువుకుంటూ కూర్చున్నాను.